రెండేళ్ల బాబు రాత్రి పదిన్నరకి పడుకుంటే తప్పా? అత్తగారి మాటా, తోటికోడలి మాటా

మీరు అడిగింది ఇదీ: ఇల్లు ఒడిశాలోని బరంపురంలో, బాబుకి రెండేళ్లు. రాత్రి పదిన్నర, ఒక్కోరోజు పదకొండు దాటితేగానీ కన్ను మూయడు. "గుంటడికి నిద్దరొస్తే ఆడే తొంగుంటాడు, బలవంతం ఎందుకు" అని అత్తగారు. ఏడున్నరకల్లా లైట్లు ఆర్పేయాలని హైదరాబాద్‌లో ఉన్న తోటికోడలు. దుకాణం కట్టేసి తొమ్మిదిన్నరకి వచ్చే నాన్నకేమో బాబుతో కాసేపు ఆడుకోవాలని. ఎవరి మాట వినాలి?

పిల్లలందరికీ ఒకటే టైము అంటూ ఏదీ లేదు. కానీ మీ ఊళ్లో, మీ ఇంటి పద్ధతిలో పదిన్నర ఆలస్యమే. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్యకి తెచ్చుకోండి. ఆ పని రాత్రి మొదలుపెట్టకండి, పొద్దున్న మొదలుపెట్టండి.

ఏడాది నుంచి రెండేళ్ల వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు, నాలుగేళ్లకి 10 నుంచి 13. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ఇది. మీ బాబు పదకొండుకి పడుకుని ఆరింటికి లేస్తే రాత్రి నిద్ర ఏడు గంటలే. పగలు మూడు గంటలు పడుకున్నా పది దాటదు. పదిన్నరకి పడుకుని ఎనిమిదిన్నర దాకా కదలకుండా నిద్రపోయే బాబైతే మీ అత్తగారి మాటే సరి. కానీ బరంపురంలో అంతసేపు ఎవరు పడుకోనిస్తారు? జూన్‌లో ఐదుంపావుకే తెల్లారిపోతుంది. ఎండలు ముదిరాక బడులు ఆరున్నరకే పెడితే అక్కాఅన్నల హడావుడికి ఇల్లంతా లేస్తుంది. సూర్యుణ్ణి బట్టి చూస్తే బరంపురం హైదరాబాద్ కంటే సుమారు 25 నిమిషాలు, ముంబై కంటే 48 నిమిషాలు ముందుంది. గోడ గడియారం అన్ని ఊళ్లలో ఒకటే చూపిస్తుంది గానీ, మన పదిన్నర ముంబైలో పదకొండుంపావుతో సమానం.

మీ అత్తగారి మాట వింతేమీ కాదు. మూడేళ్ల లోపు పిల్లల మీద పదిహేడు దేశాలు, ప్రాంతాల్లో జరిపిన సర్వే ఒకటి 2010లో అచ్చయింది, అందులో మన దేశం కూడా ఉంది. న్యూజిలాండ్ పిల్లలు సగటున 7:27కి పడుకుంటే హాంకాంగ్ పిల్లలు 10:17కి. మన ఆసియా దేశాల్లో ఆలస్యమే మామూలు. అయితే ఆ ఆలస్యాన్ని పొద్దున్న ఎక్కువసేపు పడుకుని పూడ్చుకోవడం లేదు, ఆసియా పిల్లలకి మొత్తం నిద్రే తగ్గింది. నేను మీ తోటికోడలి వైపు కాస్త మొగ్గేది అందుకే. ఏడున్నర మాత్రం మీ ఇంట్లో నిలవదు, దాని కోసం పట్టుబట్టకండి.

బాబుని గమనించండి. ఎనిమిదింపావు ప్రాంతంలో చేతిలో బొమ్మ వదిలేసి గోడకేసి చూస్తాడు, చెవి లాక్కుంటాడు, కళ్లు నులుముకుంటాడు, నడుస్తూ తూలుతాడు. అది నిద్ర పిలుస్తున్న సమయం, పది పదిహేను నిమిషాలకంటే ఉండదు. అప్పుడు ఎత్తుకోకపోతే తొమ్మిదికల్లా గిరగిరా తిరగడం, మంచమెక్కి దూకడం మొదలుపెడతాడు. "వీడికి నిద్దరెక్కడిది" అంటారు చూసినవాళ్లు. నిజానికి అలసట హద్దు దాటితే ఒళ్లు తనను తాను మేలుకొలుపుకుంటుంది. ఆ ఊపులో ఉండగానే నాన్న ఇంటికొస్తాడు, ఇంకో గంట పోతుంది.

ఇక చేయాల్సింది. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసిపెట్టండి: రాత్రి నిజంగా ఎన్నింటికి కన్ను మూశాడు, ఎన్నింటికి లేచాడు, పగలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుకున్నాడు. నాలుగో రోజు నుంచి, రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, ఆరున్నరకి లేపండి. ఆదివారమైనా అంతే. లేవగానే కిటికీలు తీసి, ఓ ఇరవై నిమిషాలు వాకిట్లోనో డాబా మీదనో తిప్పండి. ఒంట్లోని గడియారం పొద్దుటి వెలుగుతోనే సర్దుకుంటుంది.

మన వైపు అసలు గొడవంతా మధ్యాహ్నంలోనే ఉంది. ఎండాకాలం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తిని ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఇంటిల్లిపాదీ పడుకుంటారు, బాబు కూడా వాళ్లతోపాటే. నాలుగున్నరకి లేచిన బిడ్డకి పదిన్నర దాకా నిద్ర రాదంటే అది వాడి మొండితనం కాదు. రెండేళ్ల పిల్లలకి పగటి కునుకు నుంచి లేచాక మళ్లీ నిద్ర పట్టడానికి ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. పన్నెండున్నరకి పడుకోబెట్టి రెండున్నరకి లేపేయండి. కునుకే మాన్పించేస్తే సాయంత్రం ఆరింటికి ఒళ్లోనే వాలిపోయి, రాత్రి తొమ్మిదికి తాజాగా లేచి కూర్చుంటాడు. అదింకా కష్టం.

ఆ తర్వాతే రాత్రి సంగతి. ఎనిమిదింపావుకి కళ్లు నులుముకున్నాడు కదా అని మొదటి రోజే ఎనిమిదిన్నరకి మంచమెక్కించేస్తే గంటన్నర పొర్లుతాడు, ఏడుస్తాడు, మంచమంటేనే యుద్ధమని నేర్చుకుంటాడు. అలవాటైన నిద్రవేళకి ముందు గంటా రెండు గంటలు ఒంట్లో మెలకువే ఎక్కువ. కాబట్టి ఇప్పుడు నిజంగా నిద్రపోతున్న పదిన్నర దగ్గరే మొదలెట్టి, మూడు రోజులకోసారి పదిహేను నిమిషాలు ముందుకు జరపండి. ఏడు మెట్లు, ఇరవయ్యొక్క రోజుల్లో ఎనిమిది ముప్పావుకి చేరతారు. ఏ మెట్టు దగ్గరైనా ఇరవై అయిదు నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేపి, మసక వెలుగులో కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ ప్రయత్నించండి. ఆ మెట్టు మీద ఇంకో మూడు రోజులు ఉండండి.

పడుకోబెట్టే గంటన్నర ముందు అన్నం, గంట ముందు గోరువెచ్చటి నీళ్ల స్నానం. అప్పటి నుంచి ట్యూబ్‌లైటు, టీవీ, ఫోను అన్నీ బంద్, పసుపు రంగు చిన్న బల్బు చాలు. చిన్నపిల్లల కళ్లకి వెలుగు మనకంటే గట్టిగా తగులుతుంది. 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో నిద్రకి ముందు గంటసేపు గట్టి వెలుగులో ఉంచితే బడికెళ్లే ముందు వయసు పిల్లల్లో నిద్ర తెప్పించే మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. వెలుగు తీసేసిన యాభై నిమిషాలకీ పూర్తిగా కోలుకోలేదు. పాలు గ్లాసులో తాగించి పళ్లు తోమండి. సీసాతో పడుకోబెడితే పళ్లు పుచ్చుతాయి, అర్ధరాత్రి మళ్లీ సీసా అడుగుతాడు. పెద్దవాళ్ల టీలో బిస్కట్ ముంచి పెట్టడం ఉంటే సాయంత్రం అది పూర్తిగా మానాలి. కథలు, జోల, పక్కన పడుకోవడం మీ అత్తగారికే వదిలేయండి. ఆవిడ చేతిలో అది బాగా సాగుతుంది, ఆవిడని ఈ మార్పులో కలుపుకున్నట్టూ అవుతుంది.

పై అంతస్తు గదైతే ఏప్రిల్, మే నెలల్లో స్లాబ్ రాత్రి పది దాకా వేడి కక్కుతుంది, ఆ గదిలో ఏ బిడ్డకీ నిద్ర పట్టదు. సాయంత్రం డాబా మీద నీళ్లు కొట్టండి, లేదా కింది గదికి మార్చండి. బరంపురం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కూలర్ అంతగా పనిచేయదు, జిగట మిగులుతుంది. ఎదురెదురు కిటికీలు తీసి, దోమతెర కట్టి, ఫ్యాను వేస్తే మేలు. కోరాపుట్ కొండలవైపు ఈ బాధ తక్కువ.

నాన్న సంగతికొస్తే, పొద్దున్న ఆరున్నర నుంచి ఏడున్నర దాకా బాబు ఆయనదే అనుకోండి. ఆట, స్నానం, టిఫిను అన్నీ ఆయనే చూసుకోవాలి. రాత్రి వచ్చేసరికి నిద్రపోతుంటే లేపకూడదు, ముద్దు పెట్టి పక్కకి తప్పుకోవాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి, మిగతాదంతా కూలిపోయేది ఇక్కడే.

ఠాకురాణి యాత్ర (మన ఊరి అమ్మవారి జాతర) రోజుల్లో పదకొండు దాకా తిరిగితే తిరగనివ్వండి, రెండేళ్లకోసారి వచ్చే పండగ. మర్నాడు మాత్రం ఏడు దాటకుండా లేపండి, రెండు మూడు రోజుల్లో మళ్లీ దారిలో పడతాడు.

నిద్ర కోసం జలుబు సిరప్ పట్టించమని ఎవరైనా చెబితే వినకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. వారంలో మూడు నాలుగు రాత్రులు గురక పెట్టినా, నోరు తెరిచి ఊపిరి తీసినా, పడుకున్నాక కాళ్లు అదేపనిగా తన్నుకుంటూ ముఖం పాలిపోయి ఉన్నా టైము మార్చడంతో తీరదు. మొదటివాటికి ముక్కు వెనకాల గ్రంథులు వాయడం, చివరిదానికి ఐరన్ తక్కువవడం కారణం కావచ్చు. పిల్లల డాక్టరుకి చూపించి, మీరు రాసిపెట్టిన ఆ మూడు రోజుల కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.