ఆలుగడ్డ: పెరూ చునో మన దగ్గర కుదురుతుందా?

ప్రశ్న: జహీరాబాద్ దగ్గర రెండెకరాల్లో ఆలుగడ్డ వేస్తున్నాను. తవ్వే సమయానికి ధర పడిపోతోంది. పెరూ కొండల్లో క్వెచువా రైతులు కోల్డ్ స్టోరేజీ లేకుండానే ఏళ్ల తరబడి నిల్వ చేస్తారని వీడియోలో చూశాను. ఆ పద్ధతి, ఆ విత్తనం మనకు పనికొస్తాయా? – ఒక రైతు

జవాబు: మీరు చూసింది నిజమే. అలా చలికి గడ్డకట్టించి ఎండబెట్టిన ఆలుగడ్డను చునో అంటారు. కానీ అది మన వాతావరణంలో రాదు. పెరూలో కుస్కో ప్రాంతంలోని పిసాక్ తీసుకోండి, మన మండలం లాంటిదే. ఊరు లోయలో దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆలుగడ్డ చేలు ఆ పైన 4,000 మీటర్ల దాకా ఎక్కుతాయి. జూన్, జులైలో అక్కడ రాత్రి నీళ్లు మంచయ్యే చలి, పగలు మబ్బులేని ఎండ. గడ్డల్ని నేలమీద పరిచి కొన్ని రాత్రులు చలికి వదిలేస్తారు. తర్వాత కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారు. మన చలికి గడ్డ మంచు పట్టదు, తొక్కితే కుళ్లిపోతుంది.

విత్తనం జోలికి అసలు వెళ్లొద్దు. ఆ రకాల్లో చాలావాటికి ఐదారు నెలల చల్లదనం కావాలి, మనకు దొరికేది మూడు నెలలు. మొక్కల క్వారంటైన్ (తెగుళ్ల తనిఖీ) అనుమతి లేకుండా విదేశీ విత్తనగడ్డ తేవడం నేరం, దానితో తెగుళ్లూ వస్తాయి. మన దేశంలో రూపొందించిన కుఫ్రీ రకాల్లోనే ధ్రువీకరించిన విత్తనం వాడండి. రాత్రి వేడిని కాస్త తట్టుకునేది కుఫ్రీ సూర్య.

వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చేది లైమి పద్ధతి. ఉమ్మడి భూమిని చెక్కలుగా విడదీసి, ఈ ఏడు ఆలుగడ్డ ఏ చెక్కలోనో ఊరంతా కలిసి నిర్ణయిస్తుంది. ఆ తర్వాత వేరే పంటలు, ఆపైన కొన్నేళ్లు బీడు. అందులో లామాలు (ఒంటె జాతి జంతువులు), గొర్రెలు మేస్తాయి. ఇలా పంట మార్చి, బీడు పెట్టడం వల్లే నేలలో నులిపురుగుల బలం తగ్గుతుంది. ఒకరి చేలో ఒకరు బదులు పని చేసుకోవడాన్ని అయ్ని అంటారు, మన పల్లెల్లోనూ ఉన్నదే. పిసాక్ కొండ ఊళ్లు కొన్ని కలిసి 'ఆలుగడ్డ పార్కు' నడుపుతున్నాయి. పెరూ రాజధాని లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం దాచిన పాత రకాలను 2004 ఒప్పందంతో తిరిగి తెచ్చుకున్నాయి.

మీ పొలంలో రెండు మూడేళ్లపాటు ఆలుగడ్డ, టమాటా, వంగ, మిరప ఒకదాని తర్వాత ఒకటి వేయకండి. మధ్యలో జొన్న, మొక్కజొన్న వేయండి. తవ్విన గడ్డల్ని పది, పదిహేను రోజులు నీడలో గడ్డి కప్పి ఆరనివ్వండి. వెలుతురు తగిలి పచ్చబడినవి తినొద్దు, అమ్మొద్దు. దెబ్బతిన్నవి వేరు చేసి ముందే అమ్మండి. మిగిలినవాటిలో కొన్ని ముక్కలు కోసి, ఉడుకు నీళ్లలో కాసేపు ఉంచి, మార్చి ఎండలో చిప్స్‌గా ఆరబెట్టి చూడండి. మన ఎండకు కుదిరే నిల్వ అదే.