క్లినికల్‌లో ఉండే డాక్టరుకు ప్రజారోగ్యం ఎక్కడ అక్కరకొస్తుంది?

విజయవాడలో హౌస్ సర్జన్సీ చేస్తూ, కమ్యూనిటీ మెడిసిన్‌లో, అంటే ప్రజారోగ్యం సబ్జెక్టులో, చదివింది ఓపీలో ఏం పనికొస్తుందని అడిగారు. కేస్ షీట్‌లో అడ్రసు రాసే దగ్గరే దాని పని మొదలవుతుంది.

విరేచనాలతో వచ్చిన మనిషికి సెలైన్ పెట్టడం మీకు వచ్చు. ఒకే వీధి నుంచి ఆ రోజే ముగ్గురు వచ్చారన్న సంగతి మాత్రం రిజిస్టరే చెప్పాలి. అందులో ‘సింగ్ నగర్’ అని పేట పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే ఆ సంగతి తెలియదు. డోర్ నంబరు, వీధి, విరేచనాలు మొదలైన తేదీ, గంట, తాగేది కుళాయి నీళ్లా, బోరా, ట్యాంకరా, క్యానా, ఈ మూడు రోజుల్లో ఏదైనా ఫంక్షన్‌లో తిన్నారా అన్నవి రాయండి. రెండు నిమిషాల పని. ఒకే కుళాయి లైను మీద పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా పడిపోతుంటే ముందు నీళ్లను అనుమానించాలి. ఒకే భోజనం తిన్నవాళ్లకు కొద్ది గంటల తేడాలోనే వాంతులు పట్టుకుంటే తిండిని.

యాంటీబయాటిక్ పడకముందే మలం శాంపిల్ తీయాలి. ల్యాబ్‌కు చేరడం ఆలస్యమయ్యేటట్టుంటే శాంపిల్‌లోని క్రిములు చావకుండా కాపాడే క్యారీ బ్లెయిర్ మీడియంలో పంపండి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే: మందు పడ్డాక తీసిన శాంపిల్‌లో ల్యాబ్‌లో ఏమీ పెరగకపోవచ్చు, అప్పుడు కలరానో కాదో తేలదు. అనుమానం రాగానే వ్యాధుల సమాచారం ప్రభుత్వానికి చేర్చే ఐహెచ్‌ఐపీ పోర్టల్‌లో, డాక్టరు అనుమానించిన కేసులకు వాడే పి ఫారం నింపించండి, రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు. అర్బన్ హెల్త్ సెంటరుకు ఫోన్ కూడా చేయండి. ఏఎన్‌ఎం, ఆశా ఆ వీధికి వెళ్తే ఆసుపత్రికి రాని కేసులు బయటపడతాయి.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో కుళాయిలు పూటకు కొంతసేపే వస్తాయి. సప్లై ఆగి పైపులో ప్రెషర్ పడిపోగానే, మురుగు కాలువలోంచి పోయే కనెక్షన్ పైపుకు చిన్న చిల్లున్నా మురుగు లోపలికి లాగేస్తుంది. మళ్లీ వదలగానే మొదట వచ్చేవి ఆ నీళ్లే. అందుకే క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సరిపెట్టుకోకూడదు. లైను చివరి ఇంట్లో, నీళ్లు వదిలిన వెంటనే ఒకసారి, కాసేపాగి ఇంకోసారి చూడాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, వ్యాధి ప్రబలినప్పుడు 0.5. ట్యాంకు దగ్గర బాగుండి చివర సున్నా వస్తే మధ్యలో లీకేజీ వెతకమనండి. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ పోతుంది, చల్లినా ఫలితముండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా మునిగిన సంపులను ముందు ఖాళీ చేసి, బురద తీసి, కడిగాకే క్లోరిన్ వేయాలి. బురద నీళ్లలో అది సరిగా పనిచేయదు.

పేషెంటును పంపేటప్పుడు ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపమని, 24 గంటలయ్యాక మిగిలింది పారబోయమని చెప్పండి. గ్లాసుకు ఇంత పొడి అని వేస్తే ఉప్పు ఎక్కువైపోయి పసిపిల్లలకు ప్రమాదం. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు తగ్గగానే తల్లులు మానేస్తారు కాబట్టి ఆ మాట చీటీ మీదే రాసివ్వండి.

క్షయకూ ఇదే పద్ధతి. క్షయ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేసి ఊరుకోకుండా, ఆ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నారేమో అదే రోజు అడగండి.