రోజువారీ కేసుల లెక్క అసలు వ్యాప్తి కంటే ఎందుకు వెనకబడుతుంది?

"చుట్టుపక్కల ఇంటికొకరు జ్వరంతో పడుంటే బులెటిన్‌లో కేసులు తక్కువే చూపిస్తున్నారు, లెక్కలు దాస్తున్నారా?" అని అడిగారు. దాచడం ఎక్కడా జరగదని నేననను. కానీ ఎవరూ ఏమీ దాచకపోయినా ఆ సంఖ్య ఆలస్యంగానే వస్తుంది. కోవిడ్ సమయంలో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఫారాలు సరిచూసి ఫలితాలు పోర్టల్‌లో ఎక్కించే పని చేశాను, అందుకే ఆ ఆలస్యం ఎక్కడెక్కడ పోగవుతుందో దగ్గర్నుంచి చూశాను.

ముందు శరీరం తీసుకునే టైమ్ ఉంది. కోవిడ్ మొదటి రకాల్లో వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి సుమారు 5 రోజులు పట్టేది, ఒమిక్రాన్‌కి 3 రోజులు. లక్షణాలు కనిపించిన రోజే టెస్టుకి వెళ్లేవాళ్లు తక్కువ, మామూలు జలుబేలే అని ఒక మాత్ర వేసుకుని రెండు మూడు రోజులు చూస్తారు. అలా శాంపిల్ మా దాకా వచ్చేసరికే వారం గడిచిపోయేది, ఈలోగా ఆ మనిషి నుంచి ఇంకొందరికి అంటుకుని కూడా ఉండొచ్చు.

తర్వాత ల్యాబ్. మెషిన్ పని గంటల్లోనే అయిపోతుంది, అసలు సమస్య క్యూ. మెషిన్‌లో పెట్టే ఒక్కో ప్లేట్‌లో 96 గుంటలు, టెస్టు సరిగ్గా జరిగిందో లేదో చూసే కంట్రోల్స్‌కి రెండు తీసేస్తే ఒక రన్‌లో 94 శాంపిళ్లకు మించి పట్టవు. వచ్చినవన్నీ ఏ రోజువి ఆ రోజు అయిపోతే సరే, కానీ వేవ్ పెరిగేకొద్దీ ఫ్రిజ్‌లో ట్యూబులు పేరుకుపోతాయి. దానికి తోడు కాగితాల గొడవ. ట్యూబ్ మీద నంబరు ఒకటి, ఫారం మీద నంబరు ఇంకొకటి ఉంటే దాన్ని పక్కన పెట్టి శాంపిల్ తీసినవాళ్లకి ఫోన్ చేయాలి, వాళ్లు అప్పటికి ఇంకో క్యాంపులో ఉంటారు. అది తేలేదాకా ఆ మనిషి ఏ లెక్కలోనూ ఉండడు. ఫారంలో "లక్షణాలు మొదలైన తేదీ" అనే గడి అయితే చాలాసార్లు ఖాళీగానే వచ్చేది. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే.

పై స్థాయిలో కూడా ఇలాంటివి జరుగుతాయి. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, కారణం పాత రకం ఎక్సెల్ ఫైల్‌లో పట్టే వరుసలు అయిపోయి మిగతావి ఎక్కకపోవడం! ఆ తర్వాత వాటన్నిటినీ ఒక్కసారిగా కలిపితే గ్రాఫ్ ఎగిరిపడింది. చైనాలోని హుబేలోనూ 2020 ఫిబ్రవరిలో టెస్టు లేకుండా డాక్టర్ నిర్ధారించిన కేసుల్ని కూడా కలపడం మొదలుపెట్టగానే ఒక్కరోజే 14,000కి పైగా కొత్త కేసులు కనిపించాయి. అవన్నీ ఆ రోజు సోకినవి కావు కదా.

ఇక్కడ జనం పట్టించుకోనిది ఏంటంటే, ఈ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉండదు. కేసులు తక్కువగా ఉన్నప్పుడు తగ్గుతుంది, వేవ్ ముదిరినప్పుడు సాగుతుంది. కేసులు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ, లెక్క 12 రోజులు వెనకుందనుకోండి. ఆ 12 రోజుల్లో నాలుగుసార్లు రెట్టింపవుతాయి కాబట్టి రోజువారీ ఇన్ఫెక్షన్లు మీరు చూస్తున్న దానికి 16 రెట్లు ఉంటాయి. టెస్టే చేయించుకోనివాళ్లు ఇందులో లేరు, వాళ్లు అదనం.

తగ్గేటప్పుడు కూడా ఇదే కథ. వుహాన్‌లో 2020 జనవరి 23న లాక్‌డౌన్ పెట్టారు. లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం గీసిన చైనా గ్రాఫ్ జనవరి 23–26 మధ్యే పతాక స్థాయికి చేరి తగ్గుముఖం పట్టింది, నిర్ధారణ అయిన తేదీ ప్రకారం గీసిన గ్రాఫ్ మాత్రం ఫిబ్రవరి మొదటి వారం దాకా పెరుగుతూనే ఉంది. అంటే వ్యాప్తి నెమ్మదించాక కూడా రోజూ వార్తల్లో సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి "ఇన్ని ఆంక్షలు పెట్టి ఏం లాభం" అని జనం మాస్కులు తీసేస్తే నష్టం మామూలుగా ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

కాబట్టి ఒక్కరోజు సంఖ్యను పట్టుకుని టెన్షన్ పడకండి, ధీమాగానూ ఉండకండి. వారాంతంలో టెస్టులు తగ్గుతాయి కాబట్టి ఏడు రోజుల సగటు చూడండి. టెస్టుల్లో ఎంత శాతం పాజిటివ్ వస్తున్నాయో చూడండి, అది పెరుగుతుంటే చాలా కేసులు చేజారుతున్నాయని అర్థం. మురుగునీటి పరీక్షల వివరాలు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే టెస్టుకి వెళ్లనివాళ్ల నుంచి కూడా వైరస్ అందులోకి చేరుతుంది. లక్షణాల తేదీతో గీసిన గ్రాఫ్ దొరికితే మాత్రం చివరి వారం, పది రోజుల భాగాన్ని నమ్మొద్దు. అది ఎప్పుడు చూసినా కిందికి దిగుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజుల్లో జబ్బుపడ్డవాళ్ల ఫారాలు చాలావరకు ఇంకా ల్యాబ్‌కే రాలేదు.