షెడ్డు ముచ్చట్లు: ఫిల్టర్ మార్చాక కారు మోత తగ్గేదెలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్. పాత ఓనర్ కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పీకేసి, అల్యూమినియం పైపు పెట్టి, దాని చివర ఎర్ర కోన్ ఫిల్టర్ బిగించాడు. మొదట్లో ఆ సౌండ్ నాకూ నచ్చింది. ఇప్పుడు ఇంట్లో మూడు నెలల పాప ఉంది. 2,500 ఆర్‌పీఎం దాటాక యాక్సిలరేటర్ తొక్కితే క్యాబిన్ అంతా బొయ్‌మని మోత. పాప ఉలిక్కిపడి లేస్తోంది. మా నాన్న ఈ కారెక్కనని తేల్చి చెప్పేశారు. బానెట్ కింద ఫోమ్ అంటిస్తే సరిపోతుందా? పైపుకి ఏమైనా చుట్టాలా? కంపెనీ బాక్స్ నా దగ్గర లేదు. ఇంట్లో డ్రిల్ మెషిన్ ఉంది, చేతిపని కూడా వచ్చు. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ఫోమ్ షీట్లకు డబ్బులు పోయకముందే రాశావు, సంతోషం. మా ఆటోనగర్ షెడ్డుకి ఇదే బాధతో వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే బానెట్ కింద రెండు పొరలు అంటించుకుని, మోత ఇసుమంత కూడా తగ్గలేదని మొహం వేలాడేసుకుని వస్తారు.

ముందు ఆ మోత ఎక్కడ పుడుతోందో తెలియాలి. ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా ఇంజిన్ ఒక గుటక గాలి లాగుతుంది. వాల్వ్ మూసుకోగానే ఆ గాలి టక్కున ఆగుతుంది. ఆ కుదుపు అలగా మారి, పైపులో వెనక్కి పరిగెత్తి, ఫిల్టర్ మూతిలోంచి బయటపడుతుంది. నీది నాలుగు సిలిండర్ల ఇంజిన్, కాబట్టి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగితే రెండు గుటకలు. 3,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు, నిమిషానికి 6,000 గుటకలు, సెకనుకు 100. నువ్వు వింటున్న బొయ్ అదే, 100 హెర్ట్జ్ బేస్ శబ్దం. (2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లది. దానికి ఇదే స్పీడులో సెకనుకు 75 గుటకలే.) ఇంత లోతు శబ్దాన్ని అంగుళం మందం ఫోమ్ ఏమీ చేయలేదు. ఫోమ్ ఆపేది పైపైన వచ్చే ‘స్‌స్‌స్’ అనే గాలి శబ్దాన్ని మాత్రమే. పైపుకి ఏదైనా చుడితే ఆ రేకు ఖంగుమనడం తగ్గుతుంది, అంతే. పాపను లేపుతున్నది ఆ రెండూ కావు. పైగా నూనె పీల్చుకున్న మామూలు ఫోమ్ ఎగ్జాస్ట్ వేడికి అంటుకుందంటే మొదటికే మోసం.

కంపెనీవాళ్లు ఆ నల్ల ప్లాస్టిక్ బాక్స్ పెట్టేది ఫిల్టర్‌ని దాచడానికొక్కదానికే కాదు. మూసి ఉన్న బాక్స్, దానికి ముందు సన్నటి పొడుగు ముక్కు, పక్కన ఎందుకుందో అర్థం కాని ఒక బోలు డొల్ల. ఈ మూడూ కలిసి ఆ మోతను మింగుతాయి. ఆ డొల్ల పేరు రెజొనేటర్. ఖాళీ సోడా బుడ్డి మూతి మీద ఊదితే ఒకే ఒక్క స్వరం పలుకుతుంది చూడు, ఇదీ అలాగే ఒక స్వరానికి కట్టుబడి ఉంటుంది. పైపులో సరిగ్గా ఆ స్వరం వచ్చినప్పుడు ఎదురు కొట్టి దాన్ని చంపేస్తుంది. కోన్ ఫిల్టర్ పెట్టేవాళ్లు మొదట పీకేసేది దీన్నే.

పవర్ సంగతి కూడా చెప్పేస్తాను, మళ్లీ మనసు అటు లాగకుండా. 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి బానెట్ కింద తెరిచిపెట్టిన ఫిల్టర్ తెచ్చేది సౌండే. మే నెల ఎండలో బయట 42 డిగ్రీలుంటే, ట్రాఫిక్‌లో బానెట్ కింద 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఆ తేడాకే గాలి సాంద్రత 5 శాతం పైన పడిపోతుంది. వేడి గాలి పీల్చే ఇంజిన్‌కి బలం ఎక్కణ్ణించి వస్తుంది?

కాబట్టి నా మొదటి సలహా, పాత బాక్సే వెతుక్కో. ఈ స్విఫ్ట్‌లు మన రోడ్ల మీద లక్షల్లో తిరిగాయి. పాత బళ్లు విప్పి సామాన్లు అమ్మే షాపుల్లో వీటి ఎయిర్ ఫిల్టర్ బాక్స్ దొరక్కపోవడం అరుదు. కొనేటప్పుడు మూడు చూడు. మూత క్లిప్పులన్నీ ఉన్నాయా, ముక్కు పైపు కూడా ఇస్తున్నాడా, బాక్స్ నుంచి థ్రోటిల్ (ఇంజిన్‌కి వెళ్లే గాలిని తెరిచి మూసే కవాటం) దాకా వెళ్లే రబ్బరు గొట్టం ముడతల్లో పగుళ్లు లేవు కదా. ముక్కు లేకుండా బాక్స్ ఒక్కటే తెస్తే సగం మోత అలాగే ఉంటుంది. కొత్త పేపర్ ఫిల్టర్ వేసుకుని బిగించావంటే పని అయిపోయినట్టే.

లేదు, ఉన్న కోన్ ఫిల్టర్‌తోనే సర్దుకుంటానంటావా, అయితే దానికో ఇల్లు కట్టు. ఫిల్టర్ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా, లోపల 5, 6 లీటర్లు పట్టేలా 1.5 మి.మీ. అల్యూమినియం షీటుతో పెట్టె చేయించు. ముందు అట్టముక్కలు కోసి, టేపు అంటించి, బానెట్ కింద కూర్చోబెట్టి చూసుకో. బానెట్ మూసినప్పుడు ఎక్కడా తగలకూడదు. పెట్టె అంచులకు రబ్బరు బీడింగ్, పైన మూత తప్పనిసరి. మూత లేని ‘హీట్ షీల్డ్’లు మార్కెట్లో అమ్ముతారు, అవి వేడికి కాస్త అడ్డం, మోతకు కాదు. పెట్టె గోడల బయటివైపు బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు అంటిస్తే రేకు వణకదు. లోపలివైపు ఏదీ అంటించకు, ఊడితే ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

అసలు మంత్రం పెట్టెలో లేదు, దాని ముక్కులో ఉంది. 50 మి.మీ. లోపలి వ్యాసం, 40 సెం.మీ. పొడవున్న గొట్టం బిగించు. ఈ కొలతలకు ఆ పెట్టె, గొట్టం కలిసి దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. దానికి బాగా పైన ఉన్న మోత అంతా అణుగుతూ పోతుంది. నిన్ను ఏడిపిస్తున్నది 80 నుంచి 100 మధ్య కాబట్టి సరిగ్గా సరిపోతుంది. గొట్టాన్ని ఇంకా పొట్టిగా, లావుగా పెడితే మళ్లీ మొదటికొస్తుంది. వేడికి తట్టుకునే డక్ట్ గొట్టమే తీసుకో. వాషింగ్ మెషిన్ నీళ్ల గొట్టం తగిలించినవాళ్లను చూశాను, ఎండాకాలం వచ్చేసరికి అది మెత్తబడి నోరు మూసుకుంటుంది. గొట్టం మూతి హెడ్‌లైట్ వెనక, గ్రిల్ వైపు చూడాలి. క్యాబిన్ వైపు తిప్పావంటే మోతను తెచ్చి చెవిలో పెట్టుకున్నట్టే. కిందకి బంపర్ దాకా అసలు దింపకు. వానాకాలంలో నిలిచిన నీళ్లు ఒక్క గుటక లోపలికి పోతే చాలు. నీళ్లు గాలిలాగా నలగవు, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్టె అడుగున 5 మి.మీ. చిల్లు ఒకటి వదులు, చెమ్మ దిగిపోవడానికి.

ఇంతా చేశాక కూడా ఒకే ఒక్క స్పీడులో మోత మిగిలితే, అప్పుడు రెజొనేటర్. 2 లీటర్ల గట్టి ప్లాస్టిక్ డబ్బా, దానికి 3 సెం.మీ. వ్యాసం, 8 సెం.మీ. పొడవున్న మెడ. ఇది 100 హెర్ట్జ్ దరిదాపుల్లో పలుకుతుంది, అంటే 3,000 ఆర్‌పీఎం. నీ మోత 2,500 దగ్గరుంటే మెడను కాస్త పొడిగించు, స్వరం దిగుతుంది. దీన్ని ఆ ముక్కు గొట్టానికి మూడు మూతులుండే ‘టీ’ ముక్కతో కలుపు. ఫిల్టర్‌కి ముందు వైపే, అంటే మురికి గాలి వైపు. ఎందుకంటే రేపు ఏ ముక్క ఊడినా ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. ఫిల్టర్ దాటాక థ్రోటిల్ వైపు మనం ఇంట్లో తయారు చేసింది ఏదీ ఉండకూడదు. రివెట్ కూడా.

కోత, డ్రిల్లింగ్ అంతా కారుకి దూరంగా చెయ్యి. థ్రోటిల్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, అదే రంగు గుడ్డ ఇంకోటి స్టీరింగ్‌కి కట్టు. లోపలిది తీశాకే స్టీరింగ్ మీది ముడి విప్పాలి. ఎంత అనుభవం ఉన్నవాడైనా మా షెడ్డులో ఇది చేయాల్సిందే.

అల్యూమినియం పైపు తీసేటప్పుడు ఇంకొకటి చూడు. ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) నుంచి నూనె ఆవిరిని బయటికి తెచ్చే బ్రీదర్ గొట్టం దేనికి తగిలించి ఉంది? ఈ పైపులు పెట్టేవాళ్లు దాన్ని గాలికి వదిలేయడమో, చిటికెన వేలంత ఫిల్టర్ పెట్టి ఊరుకోవడమో చేస్తారు. అక్కణ్ణించి నూనె వాసన, గుసగుస శబ్దం రెండూ వస్తాయి. దాన్ని ఫిల్టర్‌కీ థ్రోటిల్‌కీ మధ్య పైపులో కలపాలి. పైపు కీళ్లకు మందం సిలికాన్ గొట్టం ముక్కలు, మంచి హోస్ క్లిప్పులు వెయ్యి. పైపు బాడీకి బిగించే చోట రబ్బరు బుష్ లేకపోతే ఇంజిన్ వణుకంతా నేరుగా రేకులోకి దిగుతుంది.

తగ్గిందా లేదా అని ఇంటి ముందు న్యూట్రల్‌లో రేజ్ చేసి తేల్చుకోకు. న్యూట్రల్‌లో థ్రోటిల్ కొంచెమే తెరుచుకుంటుంది, ఈ మోత అసలు బయటపడదు. మూడో గేర్‌లో, కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ, కాలు బాగా నొక్కి చూడు. పని మొదలెట్టకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి అదే చోట, అదే స్పీడులో పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయించు.

చట్టం మాట కూడా అడక్కుండానే చెప్తున్నా. శబ్దం హద్దులు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. పైగా లైసెన్స్ మూడు నెలలు రద్దు. పాత ఓనర్ పెట్టాడంటే పోలీసులు వినరు. నన్నడిగితే నీకు పాత బాక్సే మేలు. మీ నాన్నగారు కూడా దానికే కారెక్కుతారు.

ప్రశ్న: నమస్తే బాబాయి గారూ. మేము కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఈమధ్య కొన్న పాత హోండా సివిక్‌లో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనేది ఉందట. తెల్లవారుజామున ఐదింటికి నేను షిఫ్ట్‌కి బయల్దేరేటప్పుడు కారు స్టార్ట్ చేస్తే అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లు గొడవ. దీనికి ఇంట్లో చేసుకునే ఉపాయం ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటే ఇంజిన్‌కి బయటి చల్లగాలి తెచ్చేలా కంపెనీ బాక్స్ బదులు పెట్టే గొట్టం, ఫిల్టర్. నాకు అనుమానం ఆ గొడవ ఇన్‌టేక్ వల్ల కాదని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కాలని ఐడ్లింగ్ స్పీడు కాసేపు పెరుగుతుంది. అప్పుడు థ్రోటిల్ తెరుచుకునేది కొంచెమే, ముందువైపు మోత పెద్దగా ఉండదు. వినిపించేది వెనక సైలెన్సర్. కోల్డ్ ఇన్‌టేక్ పెట్టినవాడు సైలెన్సర్ జోలికి పోకుండా ఉండడం నేను తక్కువ చూశాను. రేపు స్టార్ట్ చేసినప్పుడు ఇంట్లోవాళ్లను ఒకసారి కారు ముందు, ఒకసారి వెనక నిలబడి వినమనండి. మోత వెనకాలైతే ఫిల్టర్ మీద పెట్టే ప్రతి డాలరూ వృథా.

అయినా మీరు ఆ ఇన్‌టేక్‌ని ఒకసారి పరీక్షగా చూడాలి, వేరే కారణానికి. మీ రాష్ట్రంలో బయటి కంపెనీ ఇన్‌టేక్‌కి గాలి కాలుష్యం చూసే ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ ఇచ్చిన అనుమతి, అంటే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి. బానెట్ ఎత్తితే స్టిక్కర్ మీద ‘ఈవో’ అని మొదలయ్యే నంబర్ కనబడాలి. అది లేకపోతే స్మాగ్ చెక్‌లో (మీ రాష్ట్రపు పొగ తనిఖీలో) కళ్లతో చూసే పరీక్షలోనే కారు ఫెయిల్, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. ఎనిమిదేళ్లు దాటిన పెట్రోల్ కార్లకు రెండేళ్లకోసారి ఈ చెక్ ఉంటుంది కదా. స్టిక్కర్ లేదంటే కంపెనీ బాక్స్ తెప్పించి పెట్టించేయండి, స్మాగ్ చెక్ గురించి ఆలోచించే పని ఉండదు.

ప్రశ్న: సార్, నాది టర్బో పెట్రోల్ కారు. ఎయిర్ ఫిల్టర్ నేనే తీసి దులిపి మళ్లీ పెట్టాను. అప్పట్నుంచి స్పీడు అందుకునేటప్పుడు సన్నటి ఈల. టర్బో పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దులిపిన రోజు నుంచే మొదలైందంటే ముందు అనుమానం మూత మీదే. ఫిల్టర్ చుట్టూ ఉన్న రబ్బరు అంచు ఒక మూల మడత పడితే, మూత క్లిప్పులన్నీ పడ్డట్టే ఉంటాయి గానీ సందులోంచి గాలి దూరుతూ ఈల వేస్తుంది. మళ్లీ తెరిచి, మూత వెనకవైపు కొక్కేలు ముందు గాడిలో కూర్చోబెట్టి, ఆ తర్వాతే ముందు క్లిప్పులు వెయ్యండి. తెరిచినప్పుడు ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మట్టి అంటితే గాలి పక్కదారిన పోతోందని రుజువు. అలాగే తిప్పితే ఆ మట్టి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చిన్న పంకా) రెక్కలను అరగదీస్తుంది, కాబట్టి వాయిదా వెయ్యకండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ‘ప్ష్’ అని వినబడితే మాత్రం కంగారు వద్దు, మిగిలిన ఒత్తిడిని వాల్వ్ వదిలే శబ్దం అది. మూత సరిగ్గా పడ్డాక కూడా ఈల పోకపోతే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టాల క్లిప్పులు చూపించండి. అది బానెట్ తెరిచి ఒక్కరే చేసుకునే పని కాదు. ఇంకోమాట, పేపర్ ఫిల్టర్‌ని కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టించకండి. కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి. కొత్తది వేసుకోవడమే చవక.