రేకు పని సందేహాలు: మిల్లింగ్ మెషిన్‌తో అల్యూమినియం షీటును వంపుకు లొంగదీయవచ్చా?

ప్రశ్న: 3 మి.మీ. 6061-టీ6 (వేడిచేసి గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమలోహం) షీటును ప్రెస్ బ్రేక్‌లో 3 మి.మీ. లోపలి వ్యాసార్థంతో 90 డిగ్రీలు వంచితే బయటివైపు పగులుతోంది. ఫ్రిక్షన్ స్టిర్ ప్రాసెసింగ్ (తిరిగే టూల్‌ను లోహంలోకి దించి, కరిగించకుండా కలియతిప్పడం) చేస్తే పగలదంటున్నారు. మా మిల్లింగ్ మెషిన్ మీద కుదురుతుందా? - ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కుదురుతుంది. అయితే ముందు టెంపర్ (షీటును ఎంత గట్టిపరిచారన్నది) సంగతి చూడండి. టీ6 షీటుకు లోపలి వ్యాసార్థం మందానికి సుమారు మూడు రెట్లయినా ఉండాలి. మీరు ఒక రెట్టు దగ్గర వంచుతున్నారు, పగలకపోతేనే వింత. డ్రాయింగ్ ఒప్పుకుంటే 5052 అనే మిశ్రమలోహంలో ఓ టెంపర్ (పూర్తిగా మెత్తబరిచిన) షీటు తెప్పించుకోవడమే చవక. (నాల్కో కర్మాగారం ఉన్న దమన్‌జోడి పక్కనే కదా అనుకోకండి. అక్కడ తయారయ్యేది అల్యూమినా పొడి, లోహం తీసేది అంగుల్‌లో.)

6061 తప్పదంటే ఇలా చేయండి. హెచ్13 అనే, వేడిని తట్టుకునే టూల్ స్టీలుతో టూల్ చేయించండి: షోల్డర్ (షీటు పైముఖం మీద ఒరుసుకునే వెడల్పు భాగం) 12 మి.మీ. వ్యాసం, పిన్ (లోహంలోకి దిగే మొన) 4 మి.మీ. వ్యాసం, 1.8 మి.మీ. పొడవు. వంపులో సాగేది బయటి సగమే కాబట్టి పిన్ అడుగుదాకా దిగనక్కర్లేదు. స్పిండిల్ సవ్యదిశలో తిరిగితే పిన్‌కు ఎడమ మర ఉండాలి. షీటు కింద చదునైన స్టీలు ప్లేటు వేసి, టూల్ నడిచే గీతకు ఇరువైపులా దగ్గరగా క్లాంపులు బిగించండి. హెడ్‌ను 2 డిగ్రీలు వెనక్కి వంచి, 1000 ఆర్‌పీఎంతో షోల్డర్ వెనుక అంచు 0.1 మి.మీ. లోపలికి దిగేదాకా దించి, ఐదారు సెకన్లు ఆపి, నిమిషానికి 80 మి.మీ. ఫీడుతో మొదలుపెట్టండి. ఒక్క గీత చాలదు. బయటివైపు వంపు పొడవే 9.4 మి.మీ. వస్తుంది. 2 మి.మీ. చొప్పున జరుపుతూ ఐదు గీతలు వేస్తే 12 మి.మీ. పట్టీ తయారవుతుంది. ప్రతి గీత తర్వాత చల్లారనివ్వండి, లేకపోతే షీటు మెలిక తిరుగుతుంది. పిన్ పైకి లేచేచోట గుంట మిగులుతుంది, దాన్ని కోసి పారేసే ముక్కలో పడేలా చూసుకోండి.

లోపల జరిగేదేమిటంటే, లోహం కరగకుండానే ఒరిపిడి వేడికి మెత్తబడి కలియతిరుగుతుంది. లోహంలోని స్ఫటిక రేణువులు కొన్ని మైక్రాన్లకు దిగుతాయి. టీ6కు బలమిచ్చే మెగ్నీషియం-సిలికాన్ కణాలు కొన్ని లోహంలోనే కలిసిపోతాయి, కొన్ని ముతకబడతాయి. వంపు దగ్గర మీకు అక్కరకొచ్చేది ముఖ్యంగా ఈ మెత్తదనమే. రోజులు గడిస్తే పట్టీ మళ్లీ గట్టిపడుతుంది కాబట్టి అదే రోజు వంచేయండి. తర్వాత 175 డిగ్రీల దగ్గర 8 గంటలు ఉంచితే కలిపిన చోట బలం కొంత తిరిగొస్తుంది. పక్కన వేడి తగిలిన భాగం మాత్రం మెత్తగానే ఉండిపోతుంది, భారం మోసే భాగాలకు ఇది గుర్తుంచుకోవాలి.

టూల్ నడిచిన ముఖమే వంపుకు బయటివైపు రావాలి. టూల్ వదిలిన గీరలు, షోల్డర్ అంచున లేచిన పొర అలాగే వదిలితే పగులు అక్కడే పుడుతుంది. ఫైలుతో తీసి, 400 నంబరు ఎమెరీతో నునుపు చేయండి. ఫీడు ఎక్కువైనా, షోల్డర్ సరిగా ఆనకపోయినా పైముఖం కింద సొరంగంలా ఖాళీ మిగులుతుంది. పైకి కనబడదు. తుక్కు ముక్క మీద గీత వేసి, అడ్డంగా కోసి, పాలిష్ చేసి చూసుకోండి. ఈ పనికి స్పిండిల్ మీద వందల కిలోల భారం పడుతుంది. బేరింగులు అరిగిన మెషిన్ మీద పెట్టకండి.

ప్రశ్న: ఇలా చేసిన షీటుతో లోతైన గిన్నె ఆకారం తీయవచ్చా? - ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: టీ6 షీటులో పట్టీ వేసి తీయకండి. సాగుడంతా మెత్తని పట్టీలోనే జరిగి అక్కడే చిరుగుతుంది. వేడి మీద తీసే పద్ధతి వేరు. ఇలా కలియతిప్పిన 7075 అనే మరో అల్యూమినియం మిశ్రమలోహంలో రేణువులు 3.3 మైక్రాన్లకు చేరినప్పుడు, 490 డిగ్రీల దగ్గర అది 1000 శాతానికి మించి సాగినట్టు 2000లో ప్రచురించారు. అందుకు షీటు మొత్తం ప్రాసెస్ కావాలి, డై (ఆకారమిచ్చే అచ్చు) కూడా వేడిగా ఉండాలి.