రీ: ఉప్పు సరిపడా ఉంది, అయినా క్లోరిన్ నిలవడం లేదు, నీళ్లు పచ్చబడుతున్నాయి

మీ ఉప్పునీటి పూల్‌లో తక్కువైంది ఉప్పు కాదు, స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ పోకుండా కాపాడే సయనూరిక్ యాసిడ్) అయ్యుండాలి. ఉప్పు 3200 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని అని), సెల్ (ఉప్పునీటి నుంచి క్లోరిన్ తయారుచేసే పరికరం) పనిచేస్తోంది, పొద్దున 3 ఉన్న క్లోరిన్ మధ్యాహ్నానికి సున్నా అంటున్నారు. అంటే సెల్ తయారు చేసిందంతా ఎండ తినేస్తోంది. ఇంకా ఉప్పు పోయకండి.

1. ముందు సయనూరిక్ యాసిడ్ టెస్ట్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే, ఎందుకంటే మామూలు క్లోరిన్, పీహెచ్ కిట్‌లో ఈ టెస్ట్ ఉండదు. ఉప్పునీటి పూల్‌కి 60–80 పీపీఎం ఉంటే మంచిది. తక్కువుంటే, పూల్ లీటర్లను బట్టి డబ్బా మీద చెప్పినంత స్టెబిలైజర్ తూచి, పాత సాక్స్‌లో కట్టి, నీళ్లు పూల్‌లోకి తిరిగొచ్చే గొట్టం ముందు వేలాడదీయండి. మెల్లగా కరుగుతుంది. రీడింగ్‌లో పూర్తిగా కనబడటానికి వారం పట్టొచ్చు. ఈలోపు అంకె కదలట్లేదని టెన్షన్ పడి ఇంకాస్త వేయకండి. మోతాదు మించితే క్లోరిన్ మందగిస్తుంది, అప్పుడు సగం నీళ్లు తోడి పారబోసుకోవాలి.

2. పీహెచ్ 7.8 దాటితే పూల్ యాసిడ్‌తో (హైడ్రోక్లోరిక్, సయనూరిక్ కాదు) 7.4 దగ్గరికి దించండి. సెల్ నడిచేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది.

3. ఇప్పుడున్న పచ్చదనం సెల్‌ వల్ల పోదు. సాయంత్రం ద్రవ క్లోరిన్ పోసి, గోడలు బ్రష్‌తో రుద్ది, నీళ్లు తేటపడేదాకా పంపు ఆపకండి. యాసిడ్‌నీ ద్రవ క్లోరిన్‌నీ ఒకదానితో ఒకటి కలవనివ్వొద్దు, విషవాయువు పుడుతుంది.

4. సెల్ ప్లేట్ల మీద తెల్లటి పొర కనిపిస్తేనే యాసిడ్ కలిపిన నీళ్లతో కడగండి. ఊరికే కడిగితే ప్లేట్ల పూత పోతుంది.