పాత స్పెక్ట్రమ్‌లో బీచ్ వీడియో

ప్రశ్న: నాన్నగారి 1980ల నాటి హోమ్ కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 48కె ఇంకా పనిచేస్తోంది. ఆర్కే బీచ్‌లో ఫోన్‌తో తీసిన వీడియో అందులో ఆడుతుందా సార్? – గాజువాక పాఠకుడు

జవాబు: ఆడుతుంది, కానీ క్యాసెట్ మీద ఆశ పెట్టుకోకండి. ఒక్క బొమ్మ 6,912 బైట్లు. టేపు నుంచి రావడానికే దాదాపు 40 సెకన్లు. మెమరీ అంతా ఊడ్చినా ఏడు బొమ్మలే. అందుకే వెనక డివ్‌ఎంఎంసీ (ఎస్‌డీ కార్డు పెట్టుకునే పరికరం) తగిలించి, ఎస్‌డీ కార్డు నుంచి నేరుగా స్క్రీన్ మెమరీలోకి పంపాలి. ముందు పీసీలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో వీడియోను 256×192 చుక్కలకి కుదించి, ఫ్రేములు విడదీసి, స్పెక్ట్రమ్ స్క్రీన్ పద్ధతిలోకి మార్చండి. 8×8 చుక్కల గడికి రెండే రంగులు. నా మొదటి ప్రయత్నంలో కెరటాలు గళ్ల లుంగీలా వచ్చాయి! అప్పటినుంచి నలుపు తెలుపే వాడుతున్నాను. అన్నట్టు, మన సముద్రపు గాలికి వెనక కనెక్టర్ నల్లబడి ఉంటుంది. పవర్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే ఏదైనా తగిలించండి.